వెనక్కి నడిచే కాలు

సూపర్‌వైజరు తన ఫోను ఆమె మొహం ముందుకి జరిపినప్పుడు, అందులో కనిపించిన మనిషిని చూసి ఆమెకి ముందుగా కలిగింది సంతోషమే.

ఫోనులో నాలుగో అంతస్తు వరండా. ఒక ఆడమనిషి నేల తుడుస్తోంది. పొడుగాటి కర్రకి బిగించిన తడిగుడ్డని ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ ఒంపులు తిప్పుతూ, తుడిచిన చోట మళ్ళీ అడుగు పడకుండా వెనక్కి వెనక్కి నడుస్తోంది. నేల తుడిచేవాళ్ళు ఎవరైనా అలాగే నడుస్తారు. కుడికాలు ఎడమకాలితో పోటీగా, ఎక్కడా తడబడకుండా, చకచకా పడుతోంది.

'అబ్బ, ఎంత బాగా నడుస్తున్నాను!' అనుకుంది. పెదాల మీదికి నవ్వు కూడా వచ్చింది. చుట్టూ నిలబడ్డ తోటి పనివాళ్ళెవరూ నవ్వకపోవడం చూశాక గానీ, ఆ వీడియో ఎందుకు తీశారో బుర్రకి ఎక్కలేదు.

"నవ్వొస్తోందా? నాకూ వచ్చిందమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. "ఇప్పుడు ఆ తలుపు దాకా నడిచి చూపించు."

అది బకెట్లూ చీపుళ్ళూ ఫినాయిల్ డబ్బాలూ పెట్టుకునే గది. తలుపు ఎంతో దూరంలో లేదు. ఆమె ఎడమకాలు వేసింది. కుడికాలిని రమ్మంది. అది అడుగుగా రాలేదు. తడిసిన గోనెసంచిని ఈడ్చినట్టు, వేళ్ళు నేలకి రాసుకుంటూ వెనకాల వచ్చింది. మోకాలు మడత పడబోతే ఆమె గబుక్కున అల్మరా అంచు పట్టుకుంది. పైనున్న డబ్బా ఒకటి కిందపడి దొర్లింది.

"చాల్లే, డబ్బాలు పగలగొట్టకు. వెనక్కి వేస్తే వస్తోంది కదా?"

"వస్తోంది సార్."

"ముందుకి వేస్తే రాదు."

"రావట్లేదు సార్."

"రెండూ ఒకటే కాలు కదా?"

"ఒకటే సార్."

ఎవరో ముక్కుతో నవ్వారు. తను చెప్పిన జవాబు ఎంత వెర్రిగా ఉందో ఆమెకీ తెలుస్తూనే ఉంది. కానీ అడిగినవాటికి అంతకంటే నిజమైన జవాబు ఆమె దగ్గర లేదు.

"మెట్ల మీద జారావన్నావు, తేలిక పని ఇచ్చాం. వాపు దిగిపోయాక కూడా కుంటుతున్నావు, పోనీలే అన్నాం. మమ్మల్ని వెర్రివాళ్ళని చేస్తున్నావని ఇవాళ తెలిసింది. పెద్దసారుకి పంపించాను. ఆయన పిలిచేదాకా రావద్దు."

బట్టలు మార్చుకునే చోట, లిఫ్టులు తుడిచే పెద్దామె వచ్చి పక్కన కూర్చుంది. అందరూ ఆమెని లిఫ్టక్క అంటారు. ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్న మనుషులు. లిఫ్టక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నాతో చెప్పొచ్చు కదే పిచ్చిమొహమా. కుంటాలనుకుంటే రెండు వైపులా కుంటాలి. ఇలా ఒక వైపే కుంటితే ఎవరు నమ్ముతారు?"

ఆమె చెప్పు తొడుక్కోబోతున్నదల్లా ఆగిపోయింది. సూపర్‌వైజరు తిట్టినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఇంటికి చేరేసరికి భర్త ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. గోడలకి రంగులేసే మనిషి. పనిలోంచి రాగానే కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని, సబ్బుతో కడుక్కుంటే గానీ ఏదీ ముట్టుకోడు. ఇవాళ చేతులు కడుక్కోలేదు. గోళ్ళ చుట్టూ పచ్చరంగు ఎండిపోయి ఉంది. ఇన్నాళ్ళూ ఆమె గడపలో కనపడగానే లేచొచ్చి భుజం అందించేవాడు. ఇవాళ కూర్చున్నచోటి నుంచే చూశాడు. గడప దాటడం, గోడ పట్టుకోవడం, కుర్చీ దాకా ఈడ్చుకు రావడం, అన్నీ చూశాడు. మొహాన్ని కాదు, కాలిని.

"నా దాకా వచ్చింది ఆ వీడియో," అన్నాడు.

ఆమె కుర్చీలో కూలబడింది.

"పంపినవాడితో ముందు గొడవపడ్డాను. మా ఆవిడ అలాంటిది కాదురా, నోరు పడిపోతుంది నీకు అన్నాను. చూడకుండానే అన్నాను. ఆ తర్వాత చూశాను."

"నేను కావాలని చేయట్లేదయ్యా."

"నేను అన్నానా?"

"అనలేదు. చూస్తున్నావు."

లోపలి గదిలోంచి అత్త అందుకుంది. "స్కాన్లో ఏమీ లేదన్నారు కదే. ఏమీ లేకపోతే లేచి నడవాలి కానీ, ఈ ఈడ్చుకోవడం ఏమిటి?"

ఆ స్కాన్ తీయించిన రోజు ముగ్గురూ సంతోషించారు. మెదడు బాగుంది, వెన్ను బాగుంది, నరాలు బాగున్నాయి అన్నాడు అక్కడి డాక్టరు. ఇంట్లో ఏమైనా బాధలున్నాయా, టెన్షన్ తగ్గించుకోండి అని కూడా అన్నాడు. ఆ మాటకి భర్త ముడుచుకుపోయాడు. "నేనేం బాధపెట్టాను నిన్ను? వాడెవడు అలా అడగడానికి?" అని దారంతా గొణిగాడు. ఏమీ లేదన్న కబురు ఇంట్లో ఉన్నకొద్దీ రంగు మారుతూ వచ్చింది. మొదట దేవుడి దయ అన్నారు. తర్వాత, మరి ఏమీ లేకపోవడం ఏమిటి అన్నారు. ఇప్పుడు లేచి నడవమంటున్నారు.

మర్నాడు పొద్దున భర్త పనికీ, అత్త పక్కింటికీ వెళ్ళాక, ఆమె వంటగదిలో గట్టు పట్టుకుని నిలబడింది. ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ చూపించనక్కర్లేదు. నిజంగా నటనే అయితే ఇప్పుడు నడవాలి. "రా," అంది కాలితో, పైకే. అది కదల్లేదు. తిట్టింది. బతిమాలింది. తొడ మీద అరచేత్తో చరిచింది. దెబ్బ బాగానే తెలిసింది, అడుగు మాత్రం పడలేదు. అటు తిరిగి నిలబడి వెనక్కి నడిచింది. ఒకటి, రెండు, మూడు, తలుపు వీపుకి తగిలేదాకా ఎంత తేలిగ్గా వచ్చేసిందో! గుండెలో భయం పుట్టింది. 'నేనే ఆపుతున్నానా? ఆపుతుంటే ఆ సంగతి నాకు తెలియాలి కదా? తెలియకుండా మనిషి తననే మోసం చేసుకోగలదా?'

లిఫ్టక్కని బతిమాలి ఆ వీడియో తన ఫోనుకి తెప్పించుకుంది. పదేపదే చూసింది. ఆ ఆడమనిషి మొహంలో ఎక్కడైనా దొంగతనం దొరుకుతుందేమోనని వెతికింది. ఆ మొహంలో నేల మీద ఒక మరక పోవడం లేదన్న చిరాకు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా నమ్మకం కుదరలేదు. అందరూ అనేసరికి ఆమెకి తన మీద తనకే అనుమానం పట్టుకుంది. ఇన్నేళ్ళుగా మోసిన కాలు, చెప్పిన చోటికల్లా వెళ్ళిన కాలు, ఇప్పుడు తన మీదే చాడీలు చెప్పే సాక్షిలా నిలబడింది.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ దగ్గర చూపించుకోవడానికి ముందే పేరు రాయించుకుని ఉన్నారు. ఆ రోజు భర్త పని మానుకుని వచ్చాడు. ఎందుకొచ్చాడో ఆమెకి తెలుసు. డాక్టరమ్మ ఇంకా కూర్చోమనకముందే ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందు ఇది చూడండి మేడమ్. తర్వాత మీరే చెప్పండి."

డాక్టరమ్మ చూసింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టి చూసింది. కళ్ళజోడు నుదుటి మీదికి జరిపి, ఫోను దగ్గరగా పెట్టుకుని మూడోసారి చూసింది. ఆమె తలదించుకుని తీర్పు కోసం కూర్చుంది.

"ఇది తీసినాయన మీకు మేలే చేశాడమ్మా," అంది డాక్టరమ్మ. "కొన్నిసార్లు ఈ సంగతి తేలడానికి ఏళ్ళు పడుతుంది. ఇటు వచ్చి పడుకోండి."

మంచం మీద పడుకోబెట్టి, భర్తని పిలిచింది. అతని అరచెయ్యిని ఆమె కుడి మడమ కింద పెట్టించింది. "అమ్మా, కుడి మడమతో ఆయన చేతిని మంచానికేసి తొక్కండి."

ఆమె పళ్ళు బిగించింది. మెడ నరాలు పొంగాయి. మడమ కింద భర్త చెయ్యి ఉన్నది ఉన్నట్టే ఉంది. "ఏమీ లేదు మేడమ్," అన్నాడతను.

"చెయ్యి తీయకండి. అమ్మా, ఇప్పుడు కుడికాలి సంగతి మర్చిపోండి. ఎడమకాలు పైకి ఎత్తండి. నేను కిందికి నొక్కుతాను, నన్ను గెలవాలి మీరు. ఎత్తండి, ఎత్తండి!"

ఆమె ఎడమకాలు ఎత్తింది. డాక్టరమ్మ బలంగా నొక్కింది. భర్త ఉలిక్కిపడ్డాడు. కుడి మడమ అతని చేతిని పరుపులోకి అదిమేస్తోంది.

"తొక్కుతోంది! ఇప్పుడు తొక్కుతోంది!"

"నేనేం చేయట్లేదు," అంది ఆమె, బెదిరిపోయి.

"అవును, మీరు చేయట్లేదు," అంది డాక్టరమ్మ. "ఒక కాలు గట్టిగా ఎత్తితే రెండోది దానంతటది కిందికి తొక్కుతుంది. అందరికీ అంతే. బలం ఉంది, నరం బాగుంది. మీరు కావాలనుకుని వేయబోతేనే రావట్లేదు. దీన్ని ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటారు. మెదడుకి దెబ్బ లేదు, పుండు లేదు, అందుకే స్కాన్‌లో కనిపించదు. అది పనిచేసే తీరులో తేడా వచ్చింది. ఒకరికి చెయ్యి వణుకుతుంది, ఒకరికి మాట పడిపోతుంది, ఒకరికి మూర్ఛలాంటివి వస్తాయి. మీకు కాలు."

"నటన కాదంటారా?" అన్నాడు భర్త.

"నటించాలనుకునే మనిషి వెనక్కి కూడా కుంటేది కదండీ."

ఆమెకి లిఫ్టక్క మాట చెవిలో గింగురుమంది. మొదటిసారి ఎవరో తన వైపు నుంచి ఆ మాట అన్నారు. ఏడుపు ఆపుకోవడానికి పైనున్న ఫ్యాను రెక్కల్ని చూస్తూ పడుకుంది.

"ఎందుకొచ్చింది మేడమ్? ఇంట్లో నేనేమీ..."

"మిమ్మల్నెవరూ ఏమీ అనలేదు," డాక్టరమ్మ నవ్వింది. "నడవడం అనేది చిన్నప్పుడు నేర్చుకుని, ఎలా నేర్చుకున్నామో మర్చిపోయిన పని. ఈవిడ జారి పడ్డ రోజున మెదడు ఆ కాలికి కాపలా పెట్టింది. దెబ్బ మానింది, కాపలా దిగలేదు. కొందరికి దిగులు, భయం, పాత బాధలు దీనికి తోడవుతాయి. కొందరికి అలాంటివేమీ ఉండవు. కారణం దొరక్కపోయినా జబ్బు జబ్బే."

"తగ్గుతుందా?" అని అడిగింది ఆమె.

డాక్టరమ్మ తన కుర్చీ దగ్గరికి లాక్కుంది. "చాలామందికి నయమవుతుంది. కొందరికి నెలలు పడుతుంది. కొందరికి పూర్తిగా తగ్గదు. మీరు ఎవరిలో ఉంటారో నేను ఇప్పుడు చెప్పలేను. వ్యాయామం చేయించేవాళ్ళ దగ్గరికి పంపుతాను. కాలి మీద ధ్యాస పెట్టేకొద్దీ అది మొండికేస్తుంది. నడిచేటప్పుడు ఎవరైనా వేరే సంగతులు మాట్లాడుతూ ఉంటే మంచిది. కాలిని కనిపెట్టి చూడొద్దు. మీరు చూడొద్దు, ఇంట్లోవాళ్ళూ చూడొద్దు."

బస్సులో ఆమెకి ఒళ్ళు తేలికైనట్టుగా ఉంది. కాలు అలాగే ఉంది, కానీ దానికొక పేరుంది. పక్కన భర్త తన కుడి అరచేతిని తిప్పితిప్పి చూసుకుంటున్నాడు. దిగే ముందు అన్నాడు.

"ఎంత బలంగా తొక్కావో తెలుసా? వేళ్ళు నొప్పెట్టాయి నాకు."

"అదే కదా ఆవిడ చెప్పింది."

"అదే. బలం ఉంది. నువ్వు తల్చుకుంటే అవుతుంది."

"తల్చుకుంటేనే అవట్లేదని కదయ్యా చెప్పింది!"

"ఆవిడ చదువుకున్న మనిషి, ఏదో పేరు పెడుతుంది. నా చేతికి తెలిసింది నాకు తెలిసింది."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఒకే పరీక్ష. డాక్టరమ్మకి అది ఆమె నిజం చెబుతోందనడానికి రుజువు. మొగుడికి అది అబద్ధం చెబుతోందనడానికి రుజువు. ఇంకేం చూపించాలో, ఏ మంచం మీద పడుకోవాలో ఆమెకి తోచలేదు.

రెండు రోజులకి పెద్దసారు పిలిచాడు. భర్త బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల చల్లటి గదిలో పెద్దసారు, పక్కన చేతులు కట్టుకుని సూపర్‌వైజరు. ఆమె దారంతా బస్సులో పెదాలు కదుపుతూ బట్టీపట్టిన జబ్బు పేరు చెప్పింది. సగంలో నాలుక తడబడింది.

పెద్దసారు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. "ఇది ఎక్స్‌రేలో కనిపిస్తుందా?" అని అడిగాడు.

"కనిపించదు సార్."

"రక్తపరీక్షలో?"

"కనిపించదు సార్."

"మరి నాకెలా కనిపిస్తుందమ్మా?"

ఆమె ఒళ్ళో చేతులు నలుపుకుంది. తర్వాత తలెత్తింది. "సార్, నేల తుడిచేది వెనక్కి నడుస్తూనే కదా. ఆ పని నేను చేస్తూనే ఉన్నాను. మరక కూడా వదలకుండా చేస్తున్నాను, వీడియోలో చూడండి. ముందుకి నడిచినందుకు మీరు నాకు జీతం ఇవ్వట్లేదు కదా సార్."

పెద్దసారు పెదవి చివర నవ్వు మెదిలింది. సూపర్‌వైజరు దగ్గాడు. నవ్వు ఆరిపోయింది.

"చూడమ్మా. నీ జబ్బు నిజమనుకో. రేపు మెట్ల మీద పడి తల పగిలితే మేం జవాబు చెప్పాలి. నిజమైతే ఉంచుకోలేం. అబద్ధమైతే అసలే ఉంచుకోం. కాలు బాగయ్యాక రా, అప్పుడు చూద్దాం."

అటు వెళ్ళినా గోడే, ఇటు వెళ్ళినా గోడే. ఆమె లేచి, మర్యాదగా చేతులు జోడించి, అల్మరా, కుర్చీ, తలుపు పట్టుకుంటూ బయటికి వచ్చి, గోడకి ఆనించి పెట్టిన కొత్త చేతికర్ర అందుకుంది. భర్త ఆమె మొహం చూసి లేచాడు. చెయ్యి మాత్రం పట్టుకోలేదు. చేతికర్ర ఉందిగా అన్నట్టు పక్కన నడిచాడు.

బస్సు ఆగే చోటు రోడ్డుకి అవతల. బళ్ళు కాస్త పలచబడగానే భర్త గబగబా దాటేసి, అవతలి గట్టు మీద నిలబడి వెనక్కి చూశాడు. ఆమె కర్ర ఊతంగా బయల్దేరింది. ఎడమకాలు, ఈడ్పు. ఎడమకాలు, ఈడ్పు. రోడ్డు సగానికి వచ్చాక కుడికాలు ఆగిపోయింది. అతుక్కుపోయినట్టు ఆగిపోయింది. ఆమె దానికేసి చూసింది. చూసేకొద్దీ అది రాయిలా అయింది. ఆటోవాడొకడు పక్కనుంచి తప్పించుకుంటూ తిట్టాడు. హారన్లు మొదలయ్యాయి. "రా!" అని అరిచాడు భర్త. "వచ్చేయ్!" అప్పుడు మలుపులోంచి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. బ్రేకు వేసిన చప్పుడు ఆమెకి ఒంట్లోంచి వచ్చినట్టు వినిపించింది.

కర్ర చేతిలోంచి ఎగిరిపోయింది. తర్వాత ఏం జరిగిందో ఆమెకి తెలీదు. తెలిసేసరికి గట్టు మీద, కరెంటు స్తంభాన్ని కావలించుకుని నిలబడి ఉంది. వెనకాల ట్యాంకరు నీళ్ళు తొణికిస్తూ ఆగింది. కర్ర దాని చక్రం కింద రెండు ముక్కలైంది. ఊపిరి అందడం లేదు. పరిగెత్తింది. రెండు కాళ్ళతో పరిగెత్తింది.

ఆమె భర్త కోసం చూసింది. అతను రెండడుగుల దూరంలో ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది, చేతులు ఆమెని అందుకోవడానికి చాచినట్టే ఉన్నాయి. కానీ అతని కళ్ళు కిందికి ఉన్నాయి. ఆమె కుడికాలి మీద ఉన్నాయి.

ఆమె స్తంభం వదల్లేదు. గొంతు పెంచలేదు.

"నేను బతికానా లేదా అని చూడట్లేదు నువ్వు," అంది. "పరిగెత్తానని చూస్తున్నావు."

అతను తలెత్తాడు. ట్యాంకరు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ఇద్దరినీ కలిపి తిట్టిపోసి వెళ్ళిపోయాడు. ఆ తిట్లు ఆగాక కూడా అతను అలాగే నిలబడ్డాడు. చాచిన చేతులు ఏం చేయాలో తెలియనట్టు గాల్లోనే ఉండి, మెల్లగా కిందికి వాలాయి. చొక్కా జేబులో ఏదో వెతుక్కుని, ఏమీ తీయకుండానే చెయ్యి బయటపెట్టాడు.

"చచ్చిపోయావనుకున్నాను," అన్నాడు చివరికి.

"నేనూ అనుకున్నాను."

"చచ్చిపోయావనుకున్నాను. అయినా..." అని ఆగాడు. "అయినా నా కళ్ళు అక్కడికే పోయాయి."

ఆమెకి అతని మీద కోపం రావాల్సింది. రాలేదు. తన కాలు తన మాట వినట్లేదు, అతని కళ్ళు అతని మాట వినట్లేదు. ఎవరిని తిట్టాలో తెలియలేదు. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ ఎక్కలేదు. నడిచే పోదామని ఆమె ఇంటివైపు కదలబోయింది. కుడికాలు మళ్ళీ నేలని పట్టుకుని కూర్చుంది. పరిగెత్తిన కాలేనా అది? అదే.

"ఏం చేయాలి?" అని అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెని ఆ మాట అడగడం ఆమెకి గుర్తులేదు.

"ఏదైనా మాట్లాడు. నా కాలి గురించి కాదు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి."

అతను పనిలో కూడా పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గొంతు సవరించుకున్నాడు. ఆమె మోచెయ్యి కింద చెయ్యి వేశాడు. "ఆ మేడ ఇంటావిడ ఉంది కదా," అని మొదలుపెట్టాడు. "ముందుగదికి పసుపు కావాలంది. వేశాం. ఇంత పసుపా అంది. సరేనని సున్నం కలిపి పలచన చేశాం. ఇప్పుడు ఆసుపత్రిలా ఉందంది."

ఆమె ఎడమకాలు వేసింది. కుడికాలు ఈడ్చుకుంది.

"మళ్ళీ గోడకి లప్పం పెట్టి, గరుకు కాగితం వేసి రుద్దాం. పొడి అంతా కళ్ళల్లోకే. ఈసారి ఆకుపచ్చ అంది. ఆకుపచ్చలో ఎన్ని పచ్చలున్నాయో ఆవిడకి అప్పుడే తెలిసింది. ఒక్కో డబ్బా మూత తీయించి, గోడ మీద అరచెయ్యంత గీయించి..."

కుడికాలు ఒకసారి పైకి లేచి పడింది. అతని మాట తెగింది. తల కిందికి వంగబోయింది.

"చూడకు," అంది ఆమె.

అతను మెడ బిగించి ఎదురుగా చూశాడు. "గీయించి, దూరం నుంచి చూసి, దగ్గర నుంచి చూసి, మొగుణ్ణి పిలిచి..." తర్వాతి అడుగు ఈడ్పే. ఆ తర్వాతదీ ఈడ్పే. అతనికి తెలియలేదు. తెలుసుకోవాలని ఎంతగా ఉందో, మోచెయ్యి కింద బిగుసుకున్న వేళ్ళ వల్ల ఆమెకి తెలుస్తోంది. పక్కన షాపుల వాళ్ళు తలెత్తి చూస్తున్నారు. అతను ఎవరినీ చూడలేదు, కిందికీ చూడలేదు. ఆ వీధి చివరికి వచ్చేసరికి మాటలు పలచబడ్డాయి. మొగుణ్ణి పిలిచిన దగ్గరే రెండుసార్లు తిరిగాడు. ఇల్లు ఇంకా చాలా దూరం ఉంది.

"మరి," అని అడిగింది ఆమె, "ఇంతకీ ఏ పచ్చ వేశారు?"